పొడి దశలోనే నేర్పిన దిక్కు

ఒడిశాలోని బరంపురంలో మా మావయ్యకు మోటారు వైండింగ్ షాపు ఉంది. మొన్న ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ చక్రం విప్పారు. లోపలి అంచు పొడవునా సన్నటి అయస్కాంతపు బిళ్లలు బారుగా అతికించి ఉన్నాయి. స్క్రూడ్రైవర్ ఇంకా కాస్త దూరంలో ఉండగానే టప్పున లాక్కున్నాయి. "ఇంత బిళ్లలో అంత బలం ఎలా పెట్టార్రా?" అన్నారు.

అది నియోడిమియం, ఇనుము, బోరాన్ల మిశ్రమం. 1980ల్లో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ ఎవరికి వారుగా తయారుచేశారు. కానీ ఊరికే వాటిని కలిపినంత మాత్రాన అంత బలం రాదు.

కరిగించే కొలిమిలో మంట ఉండదు. లోహం వేసిన మూస (కరిగించే పాత్ర) చుట్టూ చుట్టిన రాగి గొట్టంలో కరెంటు దిశ మారుతూ పారుతుంటే, దాని వల్ల పుట్టే అయస్కాంత క్షేత్రానికి లోహంలోనే సుడులు తిరిగే కరెంట్లు పుట్టి కరిగించేస్తాయి. ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె వేడెక్కినట్టే. చల్లారాక 3 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడి చేస్తారు.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఆ తర్వాతి పని. ప్రతి రేణువూ దాదాపు ఒకే స్ఫటికం, అయస్కాంతంగా మారడానికి దానికి ఇష్టమైన దిక్కు ఒకటే. పొడిని ఊరికే బిళ్లగా నొక్కేస్తే రేణువులు తలో దిక్కూ చూస్తాయి, బలం సగానికి పడిపోతుంది. రథం తాడును తలో వైపు లాగితే రథం కదులుతుందా? అందుకే నొక్కేటప్పుడు సుమారు 2 టెస్లాల అయస్కాంత క్షేత్రం పెడతారు. భూమి క్షేత్రానికి అది నలభై వేల రెట్లు. రేణువులన్నీ ఒకే వైపు తిరుగుతాయి.

తర్వాత వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. ఈ మిశ్రమం 310 డిగ్రీల దగ్గరే అయస్కాంత గుణం పోగొట్టుకుంటుంది. మరి పడ్డ శ్రమంతా వృథాయేనా? కాదు. గుణం పోతుంది గానీ రేణువులు తిరిగిన దిక్కు పోదు, అలాగే అతుక్కుని గట్టిపడతాయి. చల్లారాక కెపాసిటర్లలో నింపిన కరెంటును తీగచుట్టలోకి ఒక్క క్షణం వదిలితే చాలు, అయస్కాంతం సిద్ధం.

నియోడిమియం ఉన్న మోనజైట్ అనే ఖనిజం మా పక్కనే, ఛత్రపురం తీరపు ఇసుకలో ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ అక్కడ దాన్ని వేరుచేస్తోంది. ఆ ఏరివేతలోనూ బలమైన అయస్కాంతాలదే పెద్ద పాత్ర. అయినా ఈ బిళ్లలు ఎక్కువగా చైనా నుంచే వస్తున్నాయి. ఇసుక ఇక్కడ, అయస్కాంతం అక్కడ అనుకుంటే బాధేస్తుంది.

మావయ్యకు అసలు సందేహం ఓవెన్ గురించి, చక్రాన్ని కూడా అందులో పెట్టొచ్చా అని. తీగచుట్టలకు పూసిన వార్నిష్ ఆరాలంటే 130 డిగ్రీలు కావాలి. మామూలు రకం బిళ్లలు 80 డిగ్రీలు దాటితే చాలు నీరసిస్తాయి. స్టేటర్ (తీగచుట్టలున్న, తిరగని భాగం) ఒక్కటే ఓవెన్లో పెట్టి, బిళ్లలున్న చక్రాన్ని గుడ్డలో చుట్టి, ఇనుప రజను అంటకుండా షాపులో పై అరలో పెట్టారు.