అమ్మమ్మ కీమో ఎందుకు వాయిదా పడింది?

చిట్టీ, బాబీ,

"మందు పడితేనే కదా తాతయ్యా తగ్గేది, మరి అమ్మమ్మ కీమో వారం ఎందుకు ఆపారు?" అని అడిగారు మొన్న ఫోన్లో. అమ్మమ్మ రక్తంలో ప్లేట్‌లెట్లనే కణాలు తగ్గాయి, అందుకు.

నా చిన్నప్పుడు వానాకాలంలో మా గోదావరి కాలువకు గండి పడేది. కేక వినపడగానే ఊరంతా పరిగెత్తేది. ముందు చేరినవాళ్లు చేతులు పట్టుకుని నీటికి అడ్డంగా నిలబడేవారు. వెనకాల బస్తాలు, తడికలు వచ్చేవి. మా నాన్న నన్ను లాంతరు ఇచ్చి దూరంగా నిలబెట్టేవాడు. నాకు మహా కోపం వచ్చేది!

ప్లేట్‌లెట్లు ఆ ముందు చేరే మనుషులే. రక్తనాళానికి చిల్లు పడితే అక్కడికి చేరి ఒకదాన్నొకటి అతుక్కుంటాయి. ఫైబ్రిన్ అనే ప్రోటీన్ దారాలు వాటి చుట్టూ తడికలా అల్లుకుంటాయి. ప్లేట్‌లెట్ల సొంతూరు ఎముకల్లోని మూలుగ. ఒక్కో ప్లేట్‌లెట్ 8, 10 రోజులే బతుకుతుంది కాబట్టి రోజూ కొత్తవి పుట్టాలి. కీమో అనే క్యాన్సర్ మందేమో వేగంగా పెరిగే కణాలన్నిటినీ కొడుతుంది, మూలుగలోవాటిని కూడా. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో లక్షన్నరకు తగ్గకుండా ఉండాల్సినవి అమ్మమ్మకి 60 వేలే ఉన్నాయి. మూలుగ తేరుకుంటే మళ్లీ పెరుగుతాయి. అందాకా ఆగమన్నారు.

ఒక ఏడు ఊళ్లో సగం మంది జ్వరంతో మంచం పట్టారు. అప్పుడు పెద్దలు గట్టు మీద బళ్లు తోలనివ్వలేదు, గేదెల్ని దిగనివ్వలేదు. పూడ్చే మనుషులు లేనప్పుడు గండే పడకుండా చూసుకోవాలి కదా. అమ్మమ్మకి మెత్తటి బ్రష్ కొన్నది అందుకే. తలనొప్పి అన్నా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వం. డెంగీకి మంచిదని పక్కింటివాళ్లు బొప్పాయాకు రసం తెచ్చారు, పాపం ప్రేమతోనే. డాక్టరుగారిని అడగకుండా పట్టించనన్నాను. చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, కాళ్ల మీద సన్నటి ఎర్రచుక్కలు లేచినా, మలం నల్లగా పోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మీరు వచ్చినప్పుడు అమ్మమ్మ మీదకి దూకకండి, పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి.

10 వేలకు పడిపోతే రక్తం కారకపోయినా మామూలుగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు. పొరుగూరి మనుషులు సాయానికి వచ్చినట్టే. కొద్దిరోజులే ఉంటారు, కానీ ఆ కొద్దిరోజులే ముఖ్యం. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కూర్చుని ఇచ్చినవి అవి. 18 ఏళ్లు నిండాక మీరూ ఇవ్వాలి.

దసరా సెలవులకు రండి, బ్లడ్ బ్యాంకు చూపిస్తాను. ఆ సంచులు ఎర్రగా ఉంటాయనుకుంటున్నారేమో, లేత పసుపు రంగులో ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టరు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఆపకుండా మెల్లగా ఊపుతూ ఉంచుతారు. ఎందుకు ఊపుతారో అక్కడి టెక్నీషియన్‌గారిని మీరే అడగండి.

మీ తాతయ్య