కావడి భుజం మారేటప్పుడు

చిరంజీవులైన మన్యం పిల్లలకు మీ మాస్టారు ఆశీస్సులతో వ్రాయునది.

కిందటి వారం నేను ఆశ్రమ పాఠశాలకు వచ్చినప్పుడు, పదో తరగతి చదువుతున్న మీలో ఒక అమ్మాయి అందరూ వెళ్లేదాకా ఆగి నన్ను ఒక ప్రశ్న అడిగింది. "మాస్టారూ, నాకు సికిల్‌సెల్ తగ్గలేదు కదా. మరి ఇకమీదట పిల్లల వార్డుకు రావద్దని, పెద్దవాళ్ల ఓపీకి వెళ్లమని ఎందుకన్నారు? నేను ఏమైనా తప్పు చేశానా?" అప్పటికప్పుడు నాకు సరైన జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి ఆలోచించిన మీదట, రక్తకణాలు కొడవలిలా వంగిపోయే ఆ పుట్టు జబ్బుతో పెరుగుతున్న మీ అందరికీ, మీ పక్క మంచం మీద పడుకునే స్నేహితులకూ కలిపి ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

నీ తప్పు ఏమీ లేదమ్మా. పిల్లల వైద్యులు ఒక వయసు దాకానే చూస్తారు. మన దేశంలో చాలా ఆసుపత్రులలో ఆ వయసు 12 ఏళ్లతోనే ముగుస్తుంది. 18 ఏళ్లు నిండేదాకా పిల్లల వైద్యులే చూడాలని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఎంతో కాలంగా కోరుతున్నది. ఎక్కడ గీత గీసినా, దాన్ని దాటవలసిన రోజు ఒకటి వస్తుంది. ఎలా దాటాలో చెప్పడానికి నాకు తెలిసిన పోలిక కావడి ఒక్కటే.

నా చిన్నతనంలో మా ఊరికి బండి దారి లేదు. చింతపండు, పసుపు, కొండచీపుర్లు సంతకు చేరాలంటే కావడి మీద మోసుకుపోవలసిందే. మా నాన్న తొలికోడి కూయగానే బయలుదేరేవాడు, నేను వెనక నడిచేవాణ్ణి. నాకు పదమూడో ఏడు వచ్చిన సంవత్సరం, ఎక్కుడు దారి మొదట్లో ఆయన ఆగి, "ఇక నువ్వు పట్టరా" అన్నాడు. కావడిని నేల మీదికి దించి ఇవ్వలేదు. బద్ద ఆయన భుజం మీద ఉండగానే నా భుజాన్ని దాని కిందికి చేర్చమన్నాడు. నా ఎత్తుకు తగ్గట్టు తాను మోకాళ్లు వంచాడు. ఇద్దరం పది పన్నెండు అడుగులు ఒకే బద్ద కింద, ఒకే ఊపుతో నడిచాం. ఆ ఊపు నాకు పట్టుబడిందని నా కాళ్ల చప్పుడును బట్టి గ్రహించాకే ఆయన మెల్లగా పక్కకు తప్పుకున్నాడు. తప్పుకున్న తరువాత కూడా సంత దాకా నా వెనకే వచ్చాడు.

వైద్యుణ్ణి మార్చడమూ అలాగే జరగాలి. మీ కావడిలో ఒక బుట్ట మందులది: నొప్పులు మాటిమాటికీ రాకుండా రోజూ వేసుకునే హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ మాత్ర, చలికాలంలో కప్పుకునే దుప్పటి, ఎప్పుడూ చేతికందే నీళ్ల సీసా కూడా అందులోవే. రెండో బుట్ట కాగితాలది: ఏ నెలలో ఎంత రక్తం ఎక్కించారు, ఎప్పుడు నొప్పి వచ్చి చేరారు, ఏ టీకాలు పడ్డాయి, హిమోగ్లోబిన్ ఎంత ఉంది. ఒక బుట్టనే నింపుకుని నడిస్తే కావడి ఒక పక్కకు ఒరిగిపోతుందని వేరే చెప్పనక్కరలేదు. ఇక మధ్యనున్న బద్ద, పాత డాక్టరు గారు కొత్త డాక్టరు గారితో మాట్లాడే మాట. ఆ మాట లేకపోతే రెండు బుట్టలూ ఎంత నిండుగా ఉన్నా నేల మీదనే ఉంటాయి.

దించి ఇచ్చిన కావడి ఏమవుతుందో నేను చూశాను. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు ఇంటర్మీడియట్ కోసం పట్నం వెళ్లాడు. పిల్లల వార్డులో అతని ఫైలు అక్కడే ఉండిపోయింది. పెద్దల ఓపీ ఎక్కడో, అక్కడ ఎవరిని అడగాలో అతనికి ఎవరూ చెప్పలేదు. మాత్రలు అయిపోయి రెండు నెలలు గడిచాయి. పుష్యమాసపు చలిలో ఒక రాత్రి తొడ ఎముకల్లో, నడుములో నొప్పి మొదలైంది. ఆసుపత్రికి తీసుకుపోతే, గట్టి నొప్పి ఇంజెక్షన్ కావాలని పేరు పెట్టి అడుగుతున్న ఆ కుర్రవాణ్ణి, మత్తుకు అలవాటు పడ్డాడేమోనని అక్కడివారు అనుమానంగా చూశారు. చేతిలో ఒక్క కాగితం లేదు. అతని ఇంటి భాష కువి. నొప్పిలో తెలుగు మాట తోచలేదు. తెల్లవారాక నేను వెళ్లి చెప్పేదాకా అతను గోడవైపు తిరిగి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడి ఉన్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. కాని ఆ రాత్రి గుర్తొస్తే నాకు ఈనాటికీ కోపం వస్తుంది. అమెరికాలోనూ ఈ జబ్బు ఉన్నవారికి పిల్లల వైద్యం నుంచి పెద్దల వైద్యానికి మారే ఆ కొద్ది కాలమే ఎక్కువ ప్రమాదకరమని వైద్యులు గమనించారు.

కాబట్టి మీరు పద్దెనిమిదో ఏటి దాకా ఆగకండి, పన్నెండో ఏటి నుంచే బద్ద కింద భుజం పెట్టండి. డాక్టరు గారు "ఎలా ఉంది?" అని అడిగినప్పుడు మీ అమ్మ చెప్పేలోగా మీరే జవాబు చెప్పండి. మీ మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములో నోటికి వచ్చి ఉండాలి. ఒళ్లు పెరిగేకొద్దీ ఆ మోతాదు మారుతుంది గనుక, బరువు తూచుకోకుండా పాత చీటీతోనే ఏళ్ల తరబడి మందు తెచ్చుకోవడం మంచిది కాదు. పాత డాక్టరు గారి చేత సారాంశం వ్రాయించుకుని, కొత్త డాక్టరు గారిని మొదటిసారి కలిసేటప్పుడు ఏఎన్ఎం గారినో ఆశా అక్కనో వెంట రమ్మనండి. పెద్దయ్యాక తుంటి ఎముకలను, కళ్లను, మూత్రపిండాలను కూడా పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. పెళ్లి గురించి, పిల్లల గురించి మీకు కలిగే సందేహాలను సిగ్గుపడకుండా అడగండి. హైడ్రాక్సీయూరియా వాడుతున్నవారు బిడ్డను కనాలనుకుంటే ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి. అమ్మలకు, నాన్నలకు కూడా ఒక మాట: బిడ్డ మీద ప్రేమతో మీరే అన్నీ మోస్తూ ఉంటే, వాడి భుజం గట్టిపడేది ఎప్పుడు?

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ఈ జబ్బు నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైంది. 40 ఏళ్ల లోపు వారిలో 7 కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది దాని లక్ష్యం. మంచి పని. అయితే పరీక్షలో బయటపడిన ప్రతి బిడ్డా పెద్దయ్యాక ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా అంతే శ్రద్ధగా చూడాలని, పాడేరులో గానీ ఉట్నూరులో గానీ పెద్దల వైద్యుడు నెలకొక రోజు పిల్లల డాక్టరు పక్కనే కూర్చోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

"అసలు మాకే ఎందుకు వచ్చింది మాస్టారూ?" అని కూడా మీరు అడుగుతారు. హిమోగ్లోబిన్‌లో 146 పూసలున్న దండ లాంటి ఒక ప్రోటీన్ గొలుసు ఉంటుంది. అందులో ఆరో పూస ఒక్కటి మారడం వల్ల గుండ్రని రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. ఆ మార్పు అమ్మా నాన్నలలో ఒక్కరి నుంచే వచ్చినవారిని అది మలేరియా తీవ్రత నుంచి కాపాడుతుంది. ఒకప్పుడు మైదానం వాళ్లు పేరు చెబితేనే వణికిన మన్యం జ్వరాన్ని తట్టుకుని మన ముత్తాతలు ఈ కొండల్లో నిలబడ్డారంటే, అందులో ఆ పూసకూ ఎంతో కొంత పాలు ఉండి ఉంటుంది. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం అదే మీ ఒంట్లో నొప్పి అవుతుంది. కాపాడినదీ, బాధిస్తున్నదీ ఒకటే కావడం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఆలోచించిన ప్రతిసారీ చెట్టు కింద అలా కూర్చుండిపోవడమే తప్ప, ఇంకేమీ చెప్పలేకపోయాను.

ఒక పని చేయండి. రద్దీ లేని రోజు చూసుకుని ఆసుపత్రిలో ల్యాబ్ అన్నయ్యను అడిగి, మీ రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో మీ కళ్లతో చూడండి. గుండ్రటి కణాల మధ్య కొడవళ్లు ఎన్ని కనిపించాయో లెక్కపెట్టి, పెన్సిలుతో బొమ్మ గీయండి. ఒకటి నాకు పంపి, ఇంకొకటి కొత్త డాక్టరు గారికి చూపించే ఫైలులో మొదటి కాగితంగా పెట్టుకోండి.

మీ మాస్టారు