‘కాపీ అయింది’ అంటే సరిగ్గా అయినట్టేనా? నెట్‌వర్క్ డేటాపై అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఆఫీసులకు నెట్‌వర్కులు, సర్వర్లు చూసే పని నాది. రైస్ మిల్లుల అకౌంట్లు, రొయ్యల కంపెనీల ల్యాబ్ రిపోర్టులు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల కటింగ్ షీట్లు అన్నీ ఈ కేబుళ్ళ మీదే తిరుగుతాయి. వాటి గురించి తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: ఎర్రర్ రాలేదంటే ఫైలు ఉన్నదున్నట్టు చేరినట్టే. నెట్‌వర్క్‌లో డేటాను చేరవేసే టీసీపీ పద్ధతి చూసుకుంటుంది.

వాస్తవం: చూస్తుంది, కానీ పైపైన. టీసీపీ డేటాతో పాటు తనిఖీకి ఒక సంఖ్య పంపుతుంది, దాన్నే చెక్‌సమ్ అంటారు. అది 16 బిట్లే. డేటాను రెండేసి బైట్ల చొప్పున కూడుతుంది. కూడికలో వరస మారితే మొత్తం మారదు కదా! షీట్‌లో పలక పొడవు 2731 మిల్లీమీటర్లు అని ఉందనుకోండి. దారిలో ఏదైనా పరికరం చెడి 27, 31 జతలు తారుమారైతే అది 3127 అవుతుంది, చెక్‌సమ్ మాత్రం సరిపోతుంది. రాయిని తప్పు కొలతకు కోసేస్తారు. ఇలా జతలు మారడం అరుదే. కానీ ఎలా పడితే అలా చెడిన ప్యాకెట్లలోనూ (పంపే డేటా ముక్కల్లోనూ) దాదాపు 65,536కి ఒకటి ఈ తనిఖీ దాటిపోగలదు.

అపోహ: కేబుల్ నెట్‌వర్క్ అయిన ఈథర్‌నెట్‌కు 32 బిట్ల సీఆర్‌సీ, అంటే ఇంకా గట్టి తనిఖీ సంఖ్య, ఉందిగా!

వాస్తవం: అది కేబుల్ ఈ కొస నుంచి ఆ కొస వరకే. రౌటర్ పాత సీఆర్‌సీ తీసేసి, పంపేటప్పుడు కొత్తది వేస్తుంది. డేటా రౌటర్ మెమరీలోనే చెడితే, ఆ చెడిన డేటాకే కొత్త సీఆర్‌సీ పడుతుంది. స్టోన్, పార్ట్రిడ్జ్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ప్రచురించిన పరిశోధనలో 1,100 నుంచి 32,000 ప్యాకెట్లకు ఒకటి చొప్పున టీసీపీ చెక్‌సమ్ దగ్గర తప్పాయి. సీఆర్‌సీ ఉన్న లింకుల్లోనూ ఇదే పరిస్థితి.

అపోహ: స్టాండర్డ్ ఉందంటే ఆపరేటింగ్ సిస్టమ్ పాటిస్తున్నట్టే.

వాస్తవం: నా బాధంతా ఇక్కడే. టీసీపీ లాగే డేటాను చేరవేసే మరో పద్ధతి యూడీపీ. దాని చెక్‌సమ్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండాలని 1989లోనే ఆర్‌ఎఫ్‌సీ 1122 అనే ఇంటర్నెట్ స్టాండర్డ్ చెప్పింది. అయినా సన్ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ సన్‌ఓఎస్ 4లో వేగం కోసం దాన్ని ఆఫ్‌లో ఉంచారు. లినక్స్‌లో కంటెయినర్లను (ఒకే మెషిన్‌లో విడివిడిగా నడిచే అప్లికేషన్లను) నెట్‌వర్క్‌కు కలిపే వెత్ డ్రైవర్ చెక్‌సమ్ సరిచూడకుండానే చెడిన ప్యాకెట్లను అప్లికేషన్లకు అందించిందని 2016లో బయటపడింది. టీసీపీ డేటాను దారిలో ఎవరూ మార్చలేదని నిర్ధారించే టీసీపీ-ఏఓ స్టాండర్డ్ 2010లో వస్తే, లినక్స్ మూల భాగమైన కెర్నల్‌లోకి 2024 జనవరిలో, 6.7 వెర్షన్‌తో గానీ చేరలేదు. విండోస్ ఫైల్ షేరింగ్‌లో, డేటాను దారిలో ఎవరూ మార్చలేదని డిజిటల్ సంతకంతో సరిచూసే ఎస్‌ఎంబీ సైనింగ్ 1990ల చివరి నుంచీ ఉంది. మామూలు ఆఫీసు పీసీల్లో అది డిఫాల్ట్‌గా తప్పనిసరి అయింది 2024లో, విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్‌తో. ఇన్నేళ్ళు వేగానికీ, పాత పరికరాలకూ పెద్దపీట వేసి, డేటా భద్రతను కస్టమర్ ఇష్టానికి వదిలేశారు. డిఫాల్ట్ సెట్టింగులు ఎవరు మారుస్తారు? మన ఊళ్ళలో అయితే ఎవరూ మార్చరు.

అపోహ: ఆ విండోస్ అప్‌డేట్ తర్వాత పాత స్కానర్, నాస్ (నెట్‌వర్క్‌లో ఫైళ్ళు దాచే పెట్టె) పనిచేయకపోతే సైనింగ్ ఆపేస్తే సరి.

వాస్తవం: చాలామంది చేస్తున్నది ఇదే. దయచేసి వద్దు. ముందు ఆ పరికరం ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, గెస్ట్ లాగిన్ తీసేసి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టండి. ఎక్కువసార్లు దాంతోనే సరిపోతుంది.

అపోహ: ప్యాకెట్లను పట్టి చూపించే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్‌లో చెక్‌సమ్ తప్పని చూపిస్తే నెట్‌వర్క్ పాడైనట్టే.

వాస్తవం: పంపే కంప్యూటర్‌లోనే చూస్తుంటే సాధారణంగా కాదు. ఆ లెక్కను ప్యాకెట్ బయటికి వెళ్ళేటప్పుడు నెట్‌వర్క్ కార్డే వేస్తుంది, వైర్‌షార్క్ అంతకు ముందే చూస్తుంది. అందుకునే వైపు చూడండి.

అపోహ: ఇదంతా పెద్ద కంపెనీలకే.

వాస్తవం: ముఖ్యమైన ఫైలు పంపాక రెండు వైపులా ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైలుకు వేలిముద్ర లాంటి విలువ) తీసి పోల్చడానికి పైసా ఖర్చు లేదు. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో షా256సమ్ ముందే ఉంటాయి. బ్యాకప్ స్క్రిప్టులో ఆ ఒక్క లైను చేర్చి, రెండు విలువలూ కలిశాకే పాత కాపీ తుడిచేలా పెట్టండి.