లిలీపాండ్‌కు గైల్ 1.8ను వదలడం ఎందుకంత కష్టమైంది

మ్యాక్, విండోస్ వాడేవారికి లిలీపాండ్ స్వరలిపి సాఫ్ట్‌వేర్ 64-బిట్ రూపంలో అధికారికంగా అందింది 2022 డిసెంబరులో, 2.24 వెర్షన్‌తో. అప్పటికి 64-బిట్ ప్రాసెసర్లు ఇళ్లలోని కంప్యూటర్లలోకి వచ్చి పదిహేనేళ్లు దాటింది. ఈ జాప్యానికి డెవలపర్ల అలసత్వమే కారణమనుకోవడం పొరపాటు. గైల్ అనే భాషా సాఫ్ట్‌వేర్‌ను లోపల పొదగాలని తొలినాళ్లలో తీసుకున్న ఒక నిర్ణయం, అప్పటికి అన్నివిధాలా సబబైనదే, ప్రోగ్రామ్ వేగాన్నీ పోర్టబిలిటీనీ, అంటే వేర్వేరు కంప్యూటర్ల మీద నడవగలగడాన్నీ, ఒకే ముడిలో బిగించింది. ఒకదాన్ని సడలించబోతే రెండోది బిగుసుకునేది.

హాన్-వెన్ నీన్‌హైస్, యాన్ న్యూవెన్‌హైజెన్ 1996లో లిలీపాండ్‌ను మొదలుపెట్టారు. చేయి తిరిగిన పనివాళ్లు లోహపు పలకల మీద చెక్కిన పాత సంగీత ప్రతుల అందాన్ని కంప్యూటర్‌తో రాబట్టడం వారి లక్ష్యం. ఆ లక్ష్యానికి గణన భారం సహజంగానే ఎక్కువ. ఏ వరుస ఎక్కడ ముగియాలో తేల్చేందుకు ప్రోగ్రామ్ మొత్తం కృతిని ఒకేసారి దృష్టిలో పెట్టుకుని, సాధ్యమైన విభజనలను పోల్చి చూస్తుంది. స్వరాల మీదుగా సాగే ప్రతి వంపుగీతకూ అనేక ఆకారాలను ప్రతిపాదించి, ఒక్కొక్క దానికీ దోషాల లెక్క కట్టి, తక్కువ దోషాలున్నదాన్ని ఎంచుకుంటుంది. పెద్ద వాద్యబృందానికి రాసిన కృతిలో ఇలాంటి నిర్ణయాలు కుప్పలు తెప్పలుగా ఉంటాయి కనుక, ఒక్కో నిర్ణయానికయ్యే ఖర్చు కొంచెం పెరిగినా మొత్తం సమయం మీద దాని ప్రభావం స్పష్టంగా కనబడుతుంది.

ప్రధాన కోడ్‌ను సి ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన రచయితలు, వాడుకరి తనకు నచ్చినట్టు మలచుకునే వీలు కోసం స్కీమ్ అనే మరో భాషను అందులో పొదిగారు. స్కీమ్ కోడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్లలో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే గ్ను ప్రాజెక్టు తన విస్తరణ భాషగా ప్రోత్సహించినది గైల్ కావడంతో దాన్నే తీసుకున్నారు. చాలా సాఫ్ట్‌వేర్లలో ఇటువంటి భాష అంచున ఉండి, అవసరమైనప్పుడు మాత్రమే పలుకుతుంది. లిలీపాండ్‌లో అలా కాదు. పేజీ మీద కనబడే ప్రతి వస్తువు మందం, స్థానం, ఆకారం స్కీమ్ విలువలుగానే నిల్వ ఉంటాయి. వాటిని లెక్కించే ఫంక్షన్లను సి ప్లస్ ప్లస్ నుంచి స్కీమ్‌కూ, స్కీమ్ నుంచి సి ప్లస్ ప్లస్‌కూ ఎడతెగకుండా పిలవాల్సి ఉంటుంది. ఒక వాడుకరి ఒక్క వరుస రాసి ఏ స్వరం తీరునైనా మార్చుకోగలగడం ఈ అమరిక వల్లే సాధ్యమైంది. ఇంత స్వేచ్ఛనిచ్చే స్వరలిపి సాఫ్ట్‌వేర్ మరొకటి నాకు కనబడలేదు. అయితే గైల్‌లో ఏ మార్పు వచ్చినా అది నేరుగా గుండెకే తగిలేది.

2011 ఫిబ్రవరిలో వచ్చిన గైల్ 2.0 అలాంటి మార్పే. పాత 1.8 వెర్షన్ స్కీమ్ కోడ్‌ను చదివి అక్కడికక్కడే నడిపే ఇంటర్‌ప్రెటర్. కొత్తది కోడ్‌ను ముందు బైట్‌కోడ్ అనే మధ్యంతర రూపంలోకి మార్చి (దీన్నే కంపైల్ చేయడం అంటారు), వర్చువల్ మెషీన్ అనే సాఫ్ట్‌వేర్ యంత్రం మీద నడుపుతుంది. పదే పదే నడిచే ప్రోగ్రామ్‌లకు ఇది మేలు. లిలీపాండ్ ఫైళ్లలోనేమో సంగీతం మధ్య చిన్న చిన్న స్కీమ్ ముక్కలుంటాయి, వాటిలో ఎక్కువ భాగం ఒక్కసారే నడుస్తాయి. వాటిని కంపైల్ చేస్తే ఆ ఖర్చు తిరిగి రాదు. చేయకపోతే అవి స్కీమ్‌లోనే రాసిన కొత్త మూల్యాంకకం (కోడ్‌ను కంపైల్ చేయకుండానే నడిపే భాగం) గుండా, పాత ఇంటర్‌ప్రెటర్ కంటే నెమ్మదిగా నడుస్తాయి.

అక్షరాల నిల్వ మరో చిక్కు తెచ్చింది. గైల్ 1.8కు స్ట్రింగ్ అంటే బైట్ల వరుస మాత్రమే, కాబట్టి అన్ని లిపులనూ బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలోని పాఠం దాని గుండా ఏ మార్పూ లేకుండా సాగిపోయేది. గైల్ 2.0 స్ట్రింగ్‌లను యూనికోడ్ అక్షరాలుగా, లాటిన్-1 (అక్షరానికి ఒక బైట్) లేదా 32-బిట్ రూపంలో దాచుకుంటుంది. అది సరైన పద్ధతే. కానీ రెండు భాషల సరిహద్దు దాటిన ప్రతిసారీ పాఠాన్ని మార్చాల్సి రావడంతో, అంతకుముందు లేని ఖర్చు వచ్చి పడింది. వాడేసిన మెమరీని తిరిగి సేకరించే యంత్రాంగం కూడా మారి, దాని స్థానంలో బోహెమ్ గార్బేజ్ కలెక్టర్ వచ్చింది. పాత కలెక్టర్ స్వభావాన్ని నమ్ముకుని రాసిన సి ప్లస్ ప్లస్ కోడ్‌ను మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది.

వేగం తగ్గుతుందన్న కారణంతో లిలీపాండ్ 1.8 మీదే నిలిచిపోగా, చుట్టూ ఉన్న ప్రపంచం ఆగలేదు. నిర్వహించేవారు లేని గైల్ 1.8ను డెబియన్ అనే లినక్స్ పంపిణీ తొలగించడంతో, 2017లో వచ్చిన డెబియన్ 9లో లిలీపాండ్‌కు చోటు దక్కలేదు. తర్వాత వెర్షన్‌లో అది గైల్ 1.8 కోడ్‌ను తనలోనే ఇముడ్చుకుని తిరిగి చేరింది. 2019 అక్టోబరులో ఆపిల్ మ్యాక్ ఓఎస్ కాటలినా నుంచి 32-బిట్ ప్రోగ్రామ్‌లకు మద్దతు పూర్తిగా తీసేసింది. 2020 మార్చిలో లిలీపాండ్ 2.20 వెలువడింది కానీ, దాని అధికారిక మ్యాక్ ప్రతి 32-బిట్‌దే కావడంతో కొత్త మ్యాక్‌లలో తెరుచుకోలేదు. లినక్స్ యంత్రం మీద నుంచే అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లకూ ప్రతులు తయారుచేసే గబ్ అనే పనిముట్టు పైథాన్ 2లో రాసినది. ఆ భాషకూ 2020లోనే కాలం తీరింది.

64-బిట్‌కు మారడమంటే కంపైలర్‌కు ఒక ఆదేశం మార్చి ఇచ్చినంత తేలిక కాదు. సి భాషలో 'లాంగ్' అనే పూర్ణాంక రకం 64-బిట్ లినక్స్‌లో 64 బిట్లు, 64-బిట్ విండోస్‌లో మాత్రం 32 బిట్లే. మెమరీ చిరునామా లాంగ్‌లో ఇముడుతుందనుకుని రాసిన కోడ్ లినక్స్‌లో ఏళ్ల తరబడి నిక్షేపంగా నడిచి, విండోస్‌లో కుప్పకూలుతుంది. దశాంశ లెక్కలదీ ఇదే తీరు. పాత 32-బిట్ ఇంటెల్ గణన విభాగం మధ్యంతర ఫలితాలను 80 బిట్లలో ఉంచుకునేది, 64-బిట్‌లో వాడే విభాగం 64 బిట్లలో ఉంచుతుంది. రెండు వంపుగీతల దోషాల లెక్క దాదాపు సమానంగా ఉన్నప్పుడు, ఆ చివరి అంకె తేడాతో ఒకే కృతి రెండు యంత్రాల మీద రెండు రకాలుగా అచ్చు కావచ్చు. అందుకే 32-బిట్ ఇంటెల్ ప్రతుల్లో ప్రోగ్రామ్ మొదలవగానే ఆ గణన విభాగపు కచ్చితత్వాన్ని తగ్గించే ఆదేశం చేర్చారు. పోర్టబిలిటీ అంటే ప్రోగ్రామ్ తెరుచుకోవడం ఒక్కటే కాదు, ఫలితం ఒకటిగా ఉండడం కూడా అనే పట్టింపు అందులో కనబడుతుంది. దానికి విలువ ఇవ్వాలి.

2002లో మ్యూజ్ అనే సీక్వెన్సర్ (సంగీతాన్ని నమోదు చేసి వినిపించే ప్రోగ్రామ్) నుంచి వెర్నర్ ష్వీర్ విడదీసిన మరో స్వరలిపి సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ దారి వేరు. అది క్యూటీ లైబ్రరీని (వేర్వేరు సిస్టమ్‌ల మీద నడిచే సిద్ధమైన కోడ్ సముదాయాన్ని) ఆధారం చేసుకోవడంతో వేర్వేరు సిస్టమ్‌ల భారంలో ఎక్కువ పాలు ఆ లైబ్రరీయే మోసింది. తెర మీద స్వరం మార్చిన వెంటనే పేజీ స్పందించాలి కనుక, దాని వేగం సమస్య వేరే చోట తలెత్తింది. ఒక్క స్వరం మారినా మొత్తం కృతిని తిరిగి అమర్చే పద్ధతిని వదిలి, మారిన భాగాన్ని మాత్రమే అమర్చే పద్ధతిని 2018 డిసెంబరులో వచ్చిన 3.0లో తెచ్చారు.

లిలీపాండ్‌లో ముడి విడిపోవడానికి ఒక్క ఉపాయం చాలలేదు. 2.22 నాటికి పైథాన్ 3కు మారారు. 2.24లో గైల్ 2.2ను స్వీకరించి, ప్రోగ్రామ్‌తో పాటు వచ్చే స్కీమ్ ఫైళ్లను ముందుగానే బైట్‌కోడ్‌గా కంపైల్ చేసే ఏర్పాటు చేశారు. కోల్పోయిన వేగంలో ఎక్కువ భాగం అలా తిరిగి వచ్చింది. గబ్‌ను పక్కనపెట్టి, ప్రతులు తయారుచేసే స్క్రిప్టులను కొత్తగా రాశారు. వాడుకరి తన ఫైలులో రాసుకునే స్కీమ్ ముక్కలకు మాత్రం ముందస్తు కంపైల్ అందదు. అవి ఇప్పటికీ ఆ నెమ్మది దారిలోనే నడుస్తాయి.