గోదావరి గట్ల మీద సైకిల్: నేను తరచూ వినే అపోహలు

రాజమండ్రి నుంచి కోనసీమ వైపు చిన్న చిన్న బృందాలను సైకిళ్ళ మీద తీసుకెళ్ళడం నా పని. ఫోన్ చేసేవాళ్ళు మొదట అడిగేది "ఎన్ని కిలోమీటర్లండీ?" అని. నేను అడిగేది "ఏ నెలలో వస్తారు?" అని. డెల్టాలో ప్రయాణం ఎలా సాగుతుందన్నది దూరం కన్నా కాలువలో నీళ్ళను బట్టి, వీచే గాలిని బట్టి ఉంటుంది. ఇది తెలియక మంచి ప్రయాణాలు పాడుచేసుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పిల్లలకు వేసవి సెలవులు, అప్పుడే కాలువ గట్ల మీద తిరగాలి.

దాళ్వా (రబీ) పంట చేతికొచ్చే వేళకు కాలువలకు నీళ్ళు ఆపేస్తారు. సుమారుగా ఏప్రిల్ చివరి నుంచి మే అంతా నీళ్ళుండవు. పూడిక తీయడం, లాకులకు, అంటే కాలువలో నీటి మట్టం మార్చే గేట్లకు, మరమ్మతులు చేయడం అప్పుడే. మళ్ళీ సార్వా (ఖరీఫ్) పంటకు జూన్‌లో వదులుతారు. మొదట్లో ఒక కుటుంబం బాగా పట్టుబడితే మే నెలలో తీసుకెళ్ళాను. ఫొటోల్లో చూసిన నిండు కాలువ కోసం వచ్చిన పిల్లలకు కనిపించింది ఎండిన బురద, ప్లాస్టిక్ సంచులు, ముక్కు మూసుకోవాల్సిన వాసన. ఆ పిల్లల ముఖాలు చూసి చాలా బాధేసింది. అప్పటి నుంచి మే నెలలో ఎవరడిగినా వద్దనే చెబుతున్నాను.

నా లెక్కలో మంచి కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి. డిసెంబరు మొదట్లో సార్వా ధాన్యం ఇంకా రోడ్ల మీద ఆరబోసి ఉంటుంది. దాని మీద నుంచి సైకిల్ తోలకండి. దిగి, పక్కగా నడిపించుకుంటూ వెళ్ళండి. అది రైతు ఆరు నెలల కష్టం. సంక్రాంతి ముందు పొగమంచు దట్టంగా పడుతుంది. ఎదురుగా వచ్చే ట్రాక్టరు దగ్గరికి వచ్చేదాకా కనబడదు. సూర్యుడు పైకొచ్చాకే బయల్దేరండి, ముందూ వెనకా లైట్లు వేసుకోండి.

అపోహ: గోదావరి పక్కన దారి అంటే గోదావరి కనిపిస్తూనే ఉంటుంది.

ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే. మా దగ్గర గట్లు రెండు రకాలు. ఏటిగట్టు వరదను ఆపడానికి కట్టింది. చాలా చోట్ల నదికి దూరంగా ఉంటుంది. మధ్యలో లంక భూములు, అరటి, కొబ్బరి. మైళ్ళ కొద్దీ తొక్కినా నది కనబడకపోవచ్చు. రేవుల దగ్గర, వంతెనల మీద ఒక్కసారిగా కనబడుతుంది.

నీళ్ళను ఆనుకుని వెళ్ళాలంటే కాలువ గట్టు ఎక్కాలి. ఆంగ్లేయ ఇంజినీరు కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తిచేసిన ఆనకట్ట నుంచి వచ్చిన కాలువలివి. పొలాలకు నీళ్ళే కాదు, పడవలు నడవడానికి కూడా తవ్వారు. గట్టు మీద మనుషులు తాడు పట్టి పడవలను లాగేవారు. లాకులు కట్టింది కూడా పడవలను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దించడానికే. అందుకే గట్టు దారి నీటిని విడవకుండా, పెద్ద ఎత్తుపల్లాలు లేకుండా సాగుతుంది.

కొత్తవాళ్ళకు నేను ముందుగా చూపించే దారి ఇది: ధవళేశ్వరం నుంచి బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, అక్కడి నుంచి పెద్ద కాలువ వెంట లొల్ల లాకులు, ఆత్రేయపురం. బ్యారేజీకి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. వాహనాలు కూడా దాని మీదే పోతాయి కాబట్టి తెల్లవారగానే దాటేయాలి. ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు తినండి, తినే ముందు అవి చుట్టేవాళ్ళ చేతి పని కాసేపు చూడండి. ఇంకా ఓపిక ఉన్నవాళ్ళు ఇంకో రోజు పెట్టుకుని పి.గన్నవరం దాకా వెళ్ళాలి. అక్కడ కాలువ వైనతేయ నదిని పైనుంచి దాటుతుంది. కింద నది, పైన కాలువ! ఎన్నిసార్లు వెళ్ళినా నేను అక్కడ సైకిల్ దిగకుండా ఉండలేను.

అపోహ: అంతా చదునే, తొక్కడం తేలిక.

చదునే. కానీ మా దగ్గర కొండ ఎక్కినంత పని గాలి పెడుతుంది. సముద్రం దగ్గర కావడంతో పొద్దెక్కాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. పొద్దున్నే అమలాపురం వైపు, అంటే దిగువకు వెళ్ళి, మధ్యాహ్నం తర్వాత ఎగువకు తిరిగొస్తే ఆ గాలి వీపును తోస్తుంది. ఆలస్యంగా లేచి పదకొండుకు దిగువకు బయల్దేరినవాళ్ళు ఎదురుగాలితో కుస్తీ పడతారు. చదునులో ఇంకో ఇబ్బంది, పల్లం రాదు కాబట్టి కాలు ఆపే వీలుండదు. గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుంటే మోకాలు, నడుము పట్టేస్తాయి. సీటు ఎత్తు సరిచేసుకోండి: పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి.

అపోహ: నీళ్ళ పక్కన చల్లగా ఉంటుంది, దాహమేస్తే బొండాం తాగితే చాలు.

ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది కానీ ఆరదు. ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. ఎండ కనబడని రోజున కూడా మనుషులు సొమ్మసిల్లడం చూశాను. కొబ్బరి నీళ్ళు మంచివే, అయితే వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో నీళ్ళతో పాటు ఎక్కువగా పోయేది సోడియం, అంటే ఉప్పు. అందుకని బొండాంతో పాటు ఉప్పేసిన మజ్జిగ గానీ ఓఆర్ఎస్ గానీ తాగండి.

అపోహ: ఖరీదైన గేర్ల సైకిల్ లేకపోతే కుదరదు.

కుదురుతుంది. ఇక్కడి రైతులు మామూలు సైకిల్ మీదే అరటి గెలలు మోస్తారు. చూడాల్సింది టైర్లు. సన్నటి రేసు టైర్లు కంకర గట్టు మీద నిలవవు, 35 మిల్లీమీటర్లు ఆపైన ఉంటే హాయి. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు ఎక్కువ కాబట్టి రెండు ట్యూబులు, పంపు వెంట ఉండాలి. వాన పడ్డాక మట్టి గట్టు ఎక్కకండి, బంకమట్టి బ్రేకుల్లో ఇరుక్కుని చక్రం తిరగదు.

అపోహ: వరదప్పుడే గోదావరి అందం, గట్టు మీద నుంచి చూస్తే ఏమవుతుంది?

ఈ మాట వింటే నాకు నిజంగా టెన్షన్. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 2022 జులైలో వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. అలాంటప్పుడు ఏటిగట్టు మీద ఇసుక బస్తాలు వేస్తూ, గండి పడకుండా జనం రాత్రంతా కాపలా కాస్తారు. మనం అక్కడికి వెళ్తే వాళ్ళ పనికి అడ్డం. కోటిపల్లి – ముక్తేశ్వరం, నరసాపురం – సఖినేటిపల్లి రేవుల్లో పంటు, అంటే మనుషుల్ని, బళ్ళను దాటించే పెద్ద పడవ, కూడా ఆపేస్తారు. పంటు మీదే ఆశ పెట్టుకుంటే అవతలి ఒడ్డున చిక్కుకుంటారు. జులై నుంచి సెప్టెంబరు దాకా బయల్దేరే ముందు భద్రాచలం మట్టం చూసుకోండి. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక. అక్కడ పెరిగిన నీరు తర్వాత మా దగ్గరికే వస్తుంది.

అపోహ: కాలువే కదా, దిగి స్నానం చేయొచ్చు.

వద్దు. పైకి నిదానంగా కనిపించినా లోపల నీరు బలంగా లాగుతుంది. లాకుల దిగువన నీరు సుడి తిరుగుతుంది. మెట్లకు పాచి పట్టి ఉంటుంది. సిమెంటు వేసిన వాలు గట్ల మీద జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు, ఈత వచ్చినవాళ్ళకైనా పైకి రావడం కష్టం. కాళ్ళు కడుక్కోవాలనిపిస్తే ఊళ్ళో బోరింగు ఎక్కడుందో అడగండి, ఎవరైనా చూపిస్తారు.