మన్నా అంటే అన్నమా? క్లాసులో నేను తరచూ వినే అపోహలు

బైబిల్ హీబ్రూ నేర్పిస్తుంటాను. ఏ బ్యాచ్ అయినా నిర్గమకాండం 16వ అధ్యాయం, అంటే ఎడారిలో ఇశ్రాయేలీయులకి దేవుడు మన్నా అనే ఆహారం ఇచ్చిన కథ దగ్గరికి రాగానే ఎవరో ఒకరు అడుగుతారు, "మన్నా, అన్నం ఒకటే మాట కదండీ?" అని.

కాదండీ. అన్నం సంస్కృతం, తినడం అనే అర్థమున్న 'అద్' ధాతువు నుంచి వచ్చింది. మన్నాకి హీబ్రూలో ఉన్న రూపం 'మాన్'. గ్రీకు బైబిల్లో అది 'మన్నా' అయింది, మన దాకా వచ్చింది ఆ రూపమే. చెవికి దగ్గరగా వినిపిస్తాయి, అంతవరకే.

అపోహ: మన్నా అంటే 'పరలోకపు రొట్టె' అని అర్థం.

అది వర్ణన, పదానికి అర్థం కాదు. పొద్దున మంచు ఆరిపోయాక నేల మీద సన్నగా ఏదో కనబడితే జనం "మాన్ హూ?" అనుకున్నారు, అంటే "ఇదేంటి?" అని, ఆ ప్రశ్నే పేరైపోయింది. తెలుగు బైబిల్లో 15వ వచనంలో 'ఇదేమి' అని, 31లో 'మన్నా' అని వేర్వేరుగా ఉండేసరికి ఆ రెండిట్లో మోగేది ఒకే శబ్దమని మనవాళ్ళకి తెలిసే దారే లేదు, నాకు ఎప్పుడూ బాధ అనిపించేది ఇదే. అయితే మామూలు హీబ్రూలో 'ఏమిటి' అంటే 'మా', 'మాన్' కాదు, అందుకే ఇది శబ్దం పోలికని పట్టుకుని చెప్పిన వివరణ అని చాలామంది పండితులంటారు. యూదు వ్యాఖ్యాత రాషి అయితే 'సిద్ధం చేసిన ఆహారం' అని అర్థం చెప్పాడు. నా మటుకు ప్రశ్నగా చదవడమే ఇష్టం, ఎందుకంటే ద్వితీయోపదేశకాండం 8:3 కూడా దాన్ని మీకూ మీ పితరులకూ తెలియని ఆహారం అనే అంటుంది.

అపోహ: కొత్తిమీరలా పచ్చగా ఉండేది.

మన బైబిల్లో ఉన్నది 'కొతిమెరగింజ', అంటే ధనియాలు. క్లాసులో గుప్పెడు ధనియాలు తెచ్చి అరచేతిలో పోస్తాను, ఇంత గుండ్రంగా, ఇంత చిన్నగా, కాకపోతే తెల్లగా అని చెప్తే అప్పుడు కళ్ళు పెద్దవవుతాయి.

అపోహ: ఏరుకుని అలాగే తినేసేవాళ్ళు.

సంఖ్యాకాండం 11:8 చూడండి, తిరగట్లో విసిరారు, రోట్లో దంచారు, పెనం మీద కాల్చి రొట్టెలు చేశారు. మన వంటింటి పనే.

అపోహ: అది చెట్టు జిగురేనని సైన్స్ తేల్చేసింది.

సీనాయి ఎడారిలో తమరిస్క్ అనే ఒక రకం చెట్ల రసం పీల్చే చిన్న పురుగులు తియ్యటి బొట్లు విడుస్తాయి, 1927లో బోడెన్‌హైమర్ అనే శాస్త్రవేత్త అక్కడికెళ్ళి చూసి వచ్చాడు. పోలిక నిజమే, కానీ అది ఏడాదిలో కొన్ని వారాలే దొరుకుతుంది, దంచి పిండి చేసే సరుకూ కాదు. వాక్యంలో ఉన్నదేమో శనివారం తప్ప రోజూ 40 ఏళ్ళు, తెల్లారేదాకా దాస్తే పురుగు పట్టేది.

ఈ పేరు తర్వాత తియ్యటి చెట్టు రసాలకి కూడా పెట్టారు. ఇటలీలోని సిసిలీ దీవిలో ఒక చెట్టు బెరడుకి గాటు పెడితే కారే రసాన్ని ఇప్పటికీ మన్నా అనే అంటారు, ఆసుపత్రిలో మెదడులో వాపు తగ్గడానికి ఎక్కించే మానిటాల్ అనే మందుకి పేరు వచ్చింది ఆ రసం నుంచే.