బ్రొమీలియాడ్ పువ్వు వాడిందని కుండీ పారేయకండి: అపోహలు, వాస్తవాలు

ఆగస్టులో బెంగళూరు లాల్‌బాగ్ పూల ప్రదర్శన చూసొచ్చినవాళ్లు చాలామంది మా నర్సరీకి వచ్చి, ఎర్రటి నక్షత్రంలా పూసే గుజ్మేనియా అనే బ్రొమీలియాడ్ మొక్క కావాలంటారు. సంక్రాంతి దగ్గరపడేసరికి వాళ్ల నుంచే ఫోన్లు మొదలవుతాయి. పోయిన జనవరిలో మారతహళ్లి నుంచి ఒక పెద్దావిడ, కడప వైపు మనిషి, ఆటోలో కుండీని ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

"దినామూ నీళ్లు పోస్తిని తల్లీ. అయినా సచ్చిపాయ."

పువ్వు గోధుమరంగుకు తిరిగి పక్కకు వాలిపోయి ఉంది. నేను కింది ఆకులు రెండు పక్కకు జరిపి చూపించాను. మొక్క మొదలు దగ్గర బొటనవేలంత పిలకలు రెండు, లేత ఆకుపచ్చగా. ఆవిడ వాటిని వేలితో తాకి చూసి, "అరటి మాదిరే కదమ్మా ఇది!" అంది. ఇన్నేళ్లుగా ఈ మొక్కలు అమ్ముతున్నా అంత సూటిగా నేనెవరికీ చెప్పలేదు. ఇప్పుడు అందరికీ ఆవిడ మాటే చెబుతున్నాను.

అపోహ: పువ్వు వాడిపోతే మొక్క పని అయిపోయినట్టే

అరటి ఒకే గెల వేస్తుంది. గెల కోశాక చెట్టు పోతుంది, పిలక లేస్తుంది. బ్రొమీలియాడ్‌ కూడా అంతే. ఒక్కో ఆకుల గుత్తి జన్మకోసారే పూస్తుంది. మీరు కొన్నప్పటికే అది పూతలో ఉంది కాబట్టి ఆ గుత్తి ఆఖరి దశలోనే మీ ఇంటికి వచ్చింది. మీ పెంపకంలో లోపం ఏమీ లేదు.

మనం పువ్వనుకునే ఎర్రటి భాగం నిజానికి రంగు తిరిగిన ఆకులు, కాగితం పూల చెట్టుకు ఉన్నట్టే. అసలు పూలు వాటి మధ్య నుంచి చిన్నగా బయటికొచ్చి త్వరగానే వాడిపోతాయి. రంగు ఆకులు మాత్రం మూడు నాలుగు నెలలు నిలుస్తాయి. అవి ఎండాక కాడను కత్తిరించేసి, తల్లి మొక్కను అలాగే ఉంచండి. దాని ఆకుల్లో ఉన్న సత్తువ పిలకలకు అందుతుంది. తల్లి పూర్తిగా వాడటానికి ఒక్కోసారి ఏడాదికి పైనే పడుతుంది.

పిలక తల్లి ఎత్తులో మూడో వంతు దాటాక, సగానికి వస్తే ఇంకా మంచిది, పదునైన కత్తితో తల్లి మొదలుకు ఆనించి కోయాలి. కోసిన చోటు ఒక రోజు నీడలో ఆరనిచ్చి 4 అంగుళాల కుండీలో పెట్టండి. వేళ్లు లేవని కంగారుపడొద్దు, ఊగకుండా పుల్ల కడితే చాలు. గుజ్మేనియాలో పిలక చాలాసార్లు ఆకుల సందుల్లోంచే వస్తుంది. అలాంటిదాన్ని కోయబోతే విరిగిపోతుంది. తల్లి ఆకులు ఎండినకొద్దీ ఒక్కొక్కటే తీసేస్తూ ఉంటే, అదే ఆ కుండీని ఆక్రమించుకుంటుంది.

అపోహ: అన్ని మొక్కల్లాగే దీనికీ మట్టిలో నీళ్లు పోయాలి

మా దగ్గరికి వచ్చే చచ్చిన మొక్కల్లో ఎక్కువ భాగం ఈ నమ్మకం వల్ల పోయినవే. బ్రొమీలియాడ్ కుటుంబంలో 3 వేలకు పైగా జాతులున్నాయి. పశ్చిమ ఆఫ్రికాలోని ఒక్కటి తప్ప మిగతావన్నీ అమెరికా ఖండాలవే. మనం తినే అనాస కూడా ఈ కుటుంబమే. అనాస నేలలో పెరుగుతుంది కానీ, మనం కుండీల్లో పెంచే గుజ్మేనియా, వ్రీసియా, నియోరెజీలియాల్లో చాలావరకు అడవి చెట్ల కొమ్మల మీద బతికేవి. వాటి వేళ్ల ముఖ్యమైన పని కొమ్మను పట్టుకోవడం. నీళ్లు తాగేది ఆకులే. ఆకుల మొదళ్లు ఒకదాన్నొకటి కప్పుకుని మధ్యలో దొన్నెలా ఏర్పడతాయి. ఆకుల మీద కంటికి ఆనని పొలుసులుంటాయి, దొన్నెలో నిలిచిన నీటిని, అందులో కరిగిన పోషకాలను అవి పీల్చుకుంటాయి.

కాబట్టి నీళ్లు దొన్నెలో పోయండి, కుండీలో ఉన్నది తడి ఆరీ ఆరనట్టు ఉంటే చాలు. ఎర్రమట్టి అసలు వద్దు. కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు ముక్కలు కలిపి నింపితే గాలి ఆడుతుంది. ఉత్త కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నీళ్లు పట్టేసి మొదలు కుళ్లబెడుతుంది. వెలుతురు తక్కువున్న గదిలో, చలి రోజుల్లో దొన్నెలో కొంచెం నీళ్లే ఉంచండి.

బెంగళూరులో ఇంకో చిక్కుంది, నీళ్ల రకం. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు పోస్తే ఆకుల మీద తెల్లటి మరకలు కడతాయి, కొసలు మాడతాయి. మన ఇళ్లలో ఆర్వో నుంచి బయటికొచ్చే వృథా నీటిని పారబోయడానికి మనసొప్పక మొక్కలకు పోస్తాం. ఉప్పులన్నీ చిక్కబడి ఉండేది ఆ నీళ్లలోనే. వాటిని ఇల్లు తుడవడానికి వాడుకోండి. అపార్ట్‌మెంట్లలో ఉప్పు వేసి మెత్తబరిచిన నీళ్లూ దీనికి పనికిరావు. ఈ ఊళ్లో మే నుంచి అక్టోబరు దాకా వానలకు కొదవుండదు, బాల్కనీలో ఒక బకెట్ పెట్టుకోండి. వాన నీళ్లు తాగిన మొక్క ఆకు నిగనిగలాడుతుంది, తేడా మీకే తెలుస్తుంది.

అపోహ: దొన్నెలో నీళ్లుంటే ఇంటికి డెంగీ వస్తుంది

ఈ భయం ఉత్తదేమీ కాదు. డెంగీ దోమ ఎక్కువగా నిలవ ఉన్న శుభ్రమైన నీటిలోనే గుడ్లు పెడుతుంది, దొన్నె దానికి సరిపోతుంది. కానీ గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. మనం ఆ లోపలే నీళ్లు మారిస్తే చాలు. వారానికి రెండుసార్లు కుండీని వంచి పాత నీళ్లు పూర్తిగా పారబోసి, కొత్త నీళ్లతో ఒకసారి కడిగి నింపండి. పెద్ద మొక్కైతే పైపుతో నీళ్లు జోరుగా కొట్టండి, పాత నీళ్లన్నీ పొర్లిపోతాయి. ఇలా చేస్తే దొన్నెలో ఉప్పులు పేరుకోవు, కుళ్లు వాసనా రాదు. ఊరెళ్లేటప్పుడు మాత్రం దొన్నె ఖాళీ చేసి వెళ్లండి, రెండు వారాలు అది తట్టుకుంటుంది. కిరోసిన్, వంటనూనె చుక్కలు వేయమని చెప్పేవాళ్లుంటారు. నూనె ఆ పొలుసులను మూసేస్తుంది, దోమతోపాటు మొక్కా పోతుంది.

అపోహ: ఆకుమచ్చ వస్తే కాపర్ మందు కొట్టాలి

మాది కడియం. అక్కడ నర్సరీలో ఆకుమచ్చ కనబడితే కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టడం చిన్నప్పటి నుంచి చూశాను. బెంగళూరు వచ్చిన మొదటి ఏడాది, ముసురు పట్టిన వారంలో గుజ్మేనియాల మీద మచ్చలు కనబడ్డాయి. అలవాటుగా నేనే మందు కలిపి ఒక బల్ల మొత్తానికి కొట్టాను. కొద్దిరోజుల్లో మధ్య ఆకులు నల్లబడి, పట్టుకుంటే మొవ్వుతో సహా ఊడొచ్చాయి. నలభైకి పైగా మొక్కలు. ఏ తెగులు వచ్చిందోనని నేను వెతుకుతుంటే, పక్క నర్సరీ పెద్దాయన వచ్చి చూసి ఏం మందు కొట్టావమ్మా అని అడిగారు. అప్పుడు తెలిసింది. రాగి ఈ కుటుంబానికి విషం. నీళ్లు పీల్చుకునే ఆ పొలుసులే రాగినీ లోపలికి లాగేస్తాయి. ఆ మొక్కల బాధ నన్ను చాలాకాలం వదల్లేదు. మట్టి లేకుండా పెరిగే టిల్లాండ్సియా రకం బ్రొమీలియాడ్లను, అంటే గాలి మొక్కలను, మీరు రాగి తీగతో కూడా కట్టకండి. మచ్చలు వస్తే ఆ ఆకు తీసేసి, గాలి ఆడే చోట పెట్టి, నీళ్లు తగ్గించండి. మామూలుగా అంతకుమించి అవసరం పడదు.

అపోహ: గాలి మొక్కలు గాలి తాగి బతుకుతాయి

టిల్లాండ్సియాలకు మట్టి అక్కర్లేదు కానీ నీళ్లు కావాలి. వారానికోసారి పొద్దున పూట అరగంట నీళ్లలో ముంచి, తలకిందులుగా దులిపి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. మధ్యలో తడి మిగిలితే కుళ్లుతుంది. మామిడి చెట్టుకు కట్టుకుంటే బదనికలా చెట్టును పీల్చేస్తుందా అని అడుగుతుంటారు. బదనిక వేరు కొమ్మలోకి దిగి రసం తాగుతుంది. ఇది కొమ్మను పట్టుకుని కూర్చుంటుంది, అంతే.

అపోహ: రాత్రి ఆక్సిజన్ ఇస్తుంది, పడకగదిలో పెట్టాలి

చాలా బ్రొమీలియాడ్లు రాత్రి పూట కార్బన్ డయాక్సైడ్ పీల్చుకునే మాట నిజమే. ఆక్సిజన్ విడుదలకు మాత్రం వెలుతురు ఉండాలి, కాబట్టి అది పగటి పనే. పడకగదిలో అందం కోసం పెట్టుకోండి.

అపోహ: ఇది నీడ మొక్క

ఆకును పట్టుకుని చూడండి. మెత్తగా, నున్నగా, ముల్లు లేకుండా ఉంటే గుజ్మేనియాలాగా కిటికీ పక్క వెలుతురు చాలు. గట్టిగా, అంచుకు ముళ్లతో ఉంటే ఉదయపు ఎండ కావాలి. నియోరెజీలియాను నీడలో పెట్టి ఎరువు వేస్తే ఎరుపు పోయి ఆకుపచ్చగా సాగుతుంది. పడమటి బాల్కనీలో మార్చి, ఏప్రిల్ ఎండ మాత్రం దేనికీ మంచిది కాదు.

అపోహ: ఆపిల్‌తో పూయించడం వట్టి మాట

వట్టి మాట కాదు. మగ్గిన పండు నుంచి ఎథిలీన్ వాయువు వస్తుంది. గెలకు పొగ వేసి అరటిపండ్లు మగ్గబెడతామే, ఆ పొగలో పనిచేసేదీ ఇదే వాయువు. అనాస రైతులు తోటంతా ఒకేసారి కాపుకు రావాలని, ఎథిలీన్ విడుదల చేసే ఎథెఫాన్ మందు వాడేదీ ఇందుకే. దొన్నె ఖాళీ చేసి, మొక్కను మగ్గిన ఆపిల్‌తో కలిపి ప్లాస్టిక్ కవరులో పెట్టి, వారం పది రోజులు ఎండ తగలకుండా ఉంచండి. రెండు మూడు నెలల్లో మొగ్గ రావచ్చు. మొక్క పూర్తిగా ఎదిగి ఉండాలి, చిన్నదాన్ని తొందరపెడితే పూత బలహీనంగా వస్తుంది.

మారతహళ్లి పెద్దావిడ మొన్న ఫోన్ చేసి ఇదే అడిగింది. పిలకలు ఎంతున్నాయంటే జానెడు అంది. ఇప్పుడే వద్దు పెద్దమ్మా, వచ్చే ఏడాది చూద్దాం, ఒకటి మాత్రం కోసి వేరే కుండీలో పెట్టుకోండి అన్నాను. అది కూతురికట, బస్సులో కడపకు ఎట్లా తీసుకుపోవాలని అడుగుతోంది. దొన్నెలో నీళ్లు వంపేసి, మొక్కను పాత పేపరులో చుట్టి, నిలబెట్టి తీసుకెళ్లమని చెప్పాను.